13 జట్లు మారినవాడిది కెరీరేనా?

మీరు అడిగింది ఇదీ. మీ అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు, రోజూ సాయంత్రం బాస్కెట్‌బాల్. ఈమధ్య ఇష్ స్మిత్ అనే ఎన్‌బీఏ ఆటగాడి వీడియో చూపించి "నాన్నా, నాకు ఇలాంటి లైఫ్ కావాలి" అన్నాడు. మీరు వెతికి చూస్తే ఆ మనిషి 13 జట్లు మారాడని తేలింది. "పదమూడు చోట్ల ఉద్యోగం ఊడినవాణ్ణి ఆదర్శం అంటాడేంటండీ, ఇదసలు కెరీరా? ఈఏపీసెట్ కోచింగ్ మాన్పించి ఇందులో దింపమంటారా?" అని రాశారు.

నేనెవరో చెప్తే గానీ నా మాటకు విలువ కట్టలేరు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగాను, వైఎంసీఏ కోర్టు మీద ఆట నేర్చుకున్నాను. రాష్ట్ర జట్టుకి ఆడాను. ఇరవై రెండో ఏట నుంచి మూడు సీజన్లు బయట దేశాల్లో చిన్న లీగుల్లో ఆడాను. రోజుకూలి లెక్కన ఆడాను అంటేనే నిజానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు పొద్దున్నే పిల్లలకి నేర్పుతున్నాను. స్మిత్ స్థాయికి వంద మెట్లు కింద ఉన్నవాణ్ణే, కానీ సంచీ సర్దుకుని కొత్త జట్టు గదిలోకి అడుగుపెట్టడం అంటే ఏంటో తెలుసు.

అది కెరీరే, సందేహం లేదు. కాకపోతే మీ బాబు వీడియోలో చూసిన కెరీర్ కాదు. కోచింగ్ మాన్పించకండి, ఆట కూడా మాన్పించకండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ పదమూడు సంగతి తేల్చాలి.

స్మిత్ 1988లో పుట్టాడు, నార్త్ కరోలినా వాడు. ఎత్తు ఆరడుగులు. మన దగ్గర అది మంచి ఎత్తే గానీ ఎన్‌బీఏలో పొట్టి. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి ఆడాడు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా పేరు పిలిచి ఎంచుకునే 2010 డ్రాఫ్ట్‌లో 60 మందిని పిలిస్తే అందులో అతని పేరు లేదు. హ్యూస్టన్ ఎలాగో చోటిచ్చింది. మొదటి సీజనైనా పూర్తికాకుండా 2011 ఫిబ్రవరిలో మెంఫిస్‌కి పంపేసింది. ఆ రోజు వార్తల్లో పడ్డ పేరు అతనితోపాటు వెళ్లిన షేన్ బాటియేది, ఇతనిది కాదు. 2013 ఫిబ్రవరిలో ఓర్లాండో నుంచి మిల్వాకీకి వెళ్లినప్పుడూ అంతే, అందరూ మాట్లాడుకుంది కూడా వెళ్లిన జేజే రెడిక్ గురించి. అదే ఏడాది ఆగస్టులో కారన్ బట్లర్ అనే ఆటగాడి కోసం మిల్వాకీ ఇతన్ని ఫీనిక్స్‌కి పంపింది.

ఇక్కడ ఒక లెక్క తెలియాలి. ఎన్‌బీఏలో జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాటిన జట్టు ఆటగాళ్లను మార్చుకోవాలంటే ఇటు నుంచి పోయే జీతాలూ అటు నుంచి వచ్చే జీతాలూ దాదాపు తూగాలి. తూగకపోతే పక్కన ఇంకో చిన్న జీతాన్ని కలుపుతారు. మోండా మార్కెట్లో 480 రూపాయల కూరగాయలకి ఐదొందల నోటిస్తే, చిల్లర లేదని ఒక కొత్తిమీర కట్టా నాలుగు నిమ్మకాయలూ సంచిలో వేస్తాడు చూడండి, ఆ పద్ధతి. స్మిత్ చాలాసార్లు ఆ కొత్తిమీర కట్ట. కట్ట బాగోలేదని ఎవరూ అనలేదు, ఎవరూ దానికోసం బజారుకి రానూ లేదు. మీరు "ఉద్యోగం ఊడింది" అంటున్న వాటిలో సగం ఇలాంటివే.

మిగతా సగం మాత్రం చేదుగానే ఉంటాయి. 2014-15 సీజన్ చూడండి. ఓక్లహోమా సిటీలో ఆడుతుంటే ఫిబ్రవరిలో న్యూఆర్లీన్స్‌కి ట్రేడ్ చేశారు. అక్కడ జెర్సీ తొడుక్కోకముందే వదిలేశారు. ఫిలడెల్ఫియా తీసుకుంది. ఆ ఎండాకాలం వాషింగ్టన్‌తో ఒప్పందం, ప్రీసీజన్ మ్యాచ్‌లు ఆడించి అక్టోబరులో వాళ్లూ వద్దన్నారు. మళ్లీ న్యూఆర్లీన్స్. డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రోజు, ఫిలడెల్ఫియా ఫోన్ చేసి రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు, అంటే ముందు ముందు డ్రాఫ్ట్ రెండో రౌండులో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు, ఇచ్చి ఇతన్ని వెనక్కి తెచ్చుకుంది. పది నెలల వ్యవధిలో ఇవన్నీ. అద్దె ఇంటి అడ్వాన్స్ తిరిగొచ్చేలోపు మూడు ఊళ్లు.

ఆ డిసెంబరులో ఫిలడెల్ఫియా పరిస్థితి ఏంటంటే 31 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది. కుర్రాళ్లున్నారు, వాళ్లకి బంతి సమయానికి అందించేవాడు లేడు. స్మిత్ వచ్చాక ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, డిసెంబరు 26న, ఫీనిక్స్ మీద గెలిచారు. ఆ ఫీనిక్స్ కూడా ఒకప్పుడు అతన్ని వద్దన్నదే. సీజన్ చివరికి ఆ జట్టు 10 గెలిచి 72 ఓడింది. చరిత్రలో అదేం గొప్ప లెక్క కాదు. కానీ 2016 వేసవిలో డెట్రాయిట్ అతనికి మూడేళ్లకు కోటీ ఎనభై లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఎవరికీ అక్కర్లేని జట్టులో అతను ఏం చేశాడో చూసేవాళ్లు చూశారన్నమాట. అప్పటికి అతని వయసు 28.

తర్వాత వాషింగ్టన్, షార్లెట్, మళ్లీ వాషింగ్టన్. 2022లో డెన్వర్. ఆ అక్టోబరులో డెన్వర్ జెర్సీతో కోర్టులోకి దిగిన రోజు పదమూడో జట్టు, రికార్డు. 2023 జూన్‌లో డెన్వర్ చాంపియన్ అయింది, స్మిత్‌కీ ఉంగరం వచ్చింది. ప్లేఆఫ్స్‌లో దాదాపు బెంచీ మీదే ఉన్నాడు, ఆ మాట దాచడమెందుకు. ఆ తర్వాత ఇంకో ఏడాది షార్లెట్‌లో ఆడాడు.

అతనికి ముందు ఈ రికార్డు 12 జట్లతో నలుగురి పేరు మీద ఉండేది: చకీ బ్రౌన్, టోనీ మాసెన్‌బర్గ్, జో స్మిత్, జిమ్ జాక్సన్. వీళ్లలో జో స్మిత్ 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు. జాక్సన్ 1992లో నాలుగో పేరు. అంటే వీళ్లని ఎవరూ పనికిరానివాళ్లు అనుకోలేదు. జాక్సన్ కథ నాకు భలే ఇష్టం. 2004 డిసెంబరులో హ్యూస్టన్ ఆయన్ని న్యూఆర్లీన్స్‌కి ట్రేడ్ చేస్తే "నేను పోను" అని కూర్చున్నాడు. నిజంగానే పోలేదు. కొన్నాళ్లకి వాళ్లే విసిగి ఫీనిక్స్‌కి పంపారు. ఆ రోజు బ్యాగు సర్దుకుని ఉంటే స్మిత్ కంటే ముందే పదమూడు ఆయనదయ్యేది. మొండితనం కూడా ఒక్కోసారి రికార్డు పోగొడుతుంది.

ఇలాంటివాళ్లని వాళ్ల భాషలో జర్నీమన్ అంటారు. అందులో కాస్త చులకన ఉంది. నాకైతే లేదు, ఎందుకంటే ఆ పనిలో అసలు కష్టం ఎక్కడుందో ఒకసారి దెబ్బ తిని తెలుసుకున్నాను.

గల్ఫ్‌లో ఒక చిన్న లీగ్. మంగళవారం రాత్రి దిగాను, బుధవారం ప్రాక్టీసు, గురువారం మ్యాచ్. కోచ్ సెర్బియా ఆయన, ఇంగ్లిష్ అంతంతమాత్రం. నేను బంతి ఉన్నవాణ్ణి కాస్తున్నాను, కోర్టులో కుడి పక్కన. ఎదుటి జట్టు పెద్దాయన వచ్చి నాకు అడ్డంగా స్క్రీన్ పెట్టబోతున్నాడు, అంటే నేను కదలకుండా దారిలో గోడలా నిలబడబోతున్నాడు. వెనక నుంచి మా సెంటర్, అంటే రింగు దగ్గర కాసే పొడుగు ఆటగాడు, "బ్లూ! బ్లూ!" అని అరిచాడు. బ్లూ అంటే ఏంటో నాకు తెలీదు. హైదరాబాద్‌లో మాకు చిన్నప్పటి నుంచి నూరిపోసింది ఒకటే, "బేస్‌లైన్ ఇవ్వకురా", అంటే రింగు వెనకున్న చివరి గీత వైపు దారి వదలకు అని. కాబట్టి అలవాటుగా బేస్‌లైన్ వైపు కాలేసి మూశాను. వాడు హాయిగా స్క్రీన్ వాడుకుని మధ్యలోకి వెళ్లి, రింగు దగ్గర్నుంచే బంతి వేసే లేఅప్ వేశాడు. మా సెంటర్ బేస్‌లైన్ దగ్గర ఒక్కడే నిలబడి నావైపు చూశాడు. ఆ చూపు ఇరవై ఏళ్లయినా మర్చిపోలేదు.

తర్వాత తెలిసింది, బ్లూ అంటే సరిగ్గా నేను చేసినదానికి వ్యతిరేకం. బంతి ఉన్నవాణ్ణి స్క్రీన్ వైపు పోనీయకుండా మధ్య దారి మూసి, కావాలనే బేస్‌లైన్ వైపు తరమాలి. అక్కడ మన సెంటర్ కాచుకుని ఉంటాడు. దీన్నే కొన్ని జట్లు "ఐస్" అంటాయి, కొన్ని "డౌన్" అంటాయి. పని ఒకటే, పేరు ఊరికో తీరు. మనం కరివేపాకు అంటే ఇంకొకరు కడీపత్తా అంటారు, ఆకు అదే. కానీ అరసెకనులో ఆకు గుర్తుపట్టాలి, లేకపోతే లేఅప్.

ఒక్కో జట్టుకి ఇలాంటి పిలుపులు పదుల్లో ఉంటాయి. సీజన్ మొదటి నుంచీ ఉన్నవాడికి నెలరోజుల క్యాంపు దొరుకుతుంది. మధ్యలో వచ్చినవాడికి విమానంలో చూసుకునే వీడియోలు, షూటింగ్ ప్రాక్టీసులో అసిస్టెంట్ కోచ్ పక్కన నిలబడి చెవిలో చెప్పే నాలుగు ముక్కలు. పైగా స్మిత్ పాయింట్ గార్డ్. ఆటని నడిపించేవాడు. తను గుర్తుపెట్టుకుంటే సరిపోదు, మిగతా నలుగురూ ఎక్కడ నిలబడాలో తనే చెప్పాలి. ఎవడికి బంతి నడుము ఎత్తులో కావాలి, ఎవడికి ఛాతీ మీదకి కావాలి, ఎవడు తప్పు చేస్తే అరవాలి, ఎవడి భుజం తట్టాలి, ఇవన్నీ పదమూడుసార్లు మొదటి నుంచి. నాకు ఆ రికార్డులో కనిపించేది ఇదే. ఇంత త్వరగా కొత్తింట్లో కుదురుకునే మనిషి కాబట్టే, సీజన్ మధ్యలో గార్డుకి దెబ్బ తగిలిన ప్రతి జట్టుకీ అతని పేరు గుర్తొచ్చింది.

దేశం మారితే ఇంకో తలనొప్పి, రూల్సే మారతాయి. ఎన్‌బీఏలో మ్యాచ్ 48 నిమిషాలు, మిగతా ప్రపంచంలో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా లెక్కన 40. మూడు పాయింట్ల గీత అక్కడ నడిమధ్యన 7.24 మీటర్లు, ఇక్కడ 6.75. అక్కడ ఆరో ఫౌల్‌కి బయటికి, ఇక్కడ ఐదోదానికే. ఎన్‌బీఏలో బంతి రింగు మీద దొర్లుతుంటే ముట్టుకోకూడదు. ఫీబాలో రింగుకి తగిలిన బంతిని ఎవరైనా కొట్టేయొచ్చు. అమెరికా నుంచి వచ్చిన పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా మొదటి నెల ఆ బంతిని చూస్తూ నిలబడిపోతారు, పక్కవాడు వచ్చి తట్టేసి పోతాడు. చూడ్డానికి సరదాగా ఉంటుంది, మన జట్టువాడు కానంతవరకు.

ఇప్పుడు మీ బాబు చూడని భాగం. వీడియోలో పదమూడు జెర్సీలు వరసగా వస్తాయి. జెర్సీకీ జెర్సీకీ మధ్య ఖాళీ వారాలు రావు. ఎన్‌బీఏలో పది రోజుల కాంట్రాక్టు అని ఒకటుంది. జనవరి 5 నుంచి ఇవ్వొచ్చు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే జట్టు రెండుసార్లు ఇవ్వొచ్చు, మూడోసారి ఉంచుకోవాలనుకుంటే సీజన్ చివరిదాకా తీసుకోవాలి. ఈ పద్ధతి వల్ల బయట వందలమంది సిద్ధంగా కూర్చుని ఉంటారు. లీగ్‌లో 30 జట్లు, జట్టుకి 15 మామూలు చోట్లు, మొత్తం 450. పైన జట్టుకి మూడు టూ-వే చోట్లు, అంటే ఎన్‌బీఏ జట్టుకీ దాని చిన్న జట్టుకీ మధ్య తిరిగేవాళ్లవి. అంతే, ప్రపంచం మొత్తానికీ.

ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండో సీజన్ అయ్యాక ఇంటికొచ్చి నాలుగు నెలలు ఉన్నాను. పొద్దున ఐదింటికి కోర్టు, ఒక్కణ్ణే మూడొందల షాట్లు, బంతి నేనే వేసి నేనే తెచ్చుకోవడం. ఎనిమిదింటికి ఇంటికొస్తే అమ్మ ఉప్మా పెడుతూ "ఫోనొచ్చిందా?" అనేది. రాలేదు అంటే ఇంకో గరిటె వేసేది. చుట్టాలు వస్తే "ఏం చేస్తున్నాడు?" అన్న ప్రశ్నకి మా నాన్న ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పేవాడు. ఆ నాలుగు నెలల్లో ఒళ్లు తగ్గకుండా, నిద్ర చెడకుండా, మనసు విరగకుండా ఉండడమే ఉద్యోగం. దానికి జీతం లేదు. స్మిత్ లాంటివాళ్లకి ఆ ఖాళీలు ఉన్నాయి, వాళ్లు వాటిని దాటారు. దాటనివాళ్ల వీడియోలు ఎవరూ చేయరు.

డబ్బు సంగతి. ఎన్‌బీఏ కాంట్రాక్టు అంకె చూసి మురిసిపోవద్దు, అందులో పది శాతం లీగ్ ముందే పక్కన పెట్టి ఉంచుతుంది, ఆడిన చాలా రాష్ట్రాల్లో విడివిడిగా పన్నులుంటాయి, ఏజెంటు వాటా ఉంటుంది. అయినా మిగిలేది బోలెడు. అది వదిలేద్దాం, మన పిల్లలకి తగిలేది చిన్న లీగుల బాధే.

నా మూడో సీజన్‌లో ఒక క్లబ్బు చివరి నెలా పదిహేను రోజుల డబ్బు ఇవ్వలేదు. "వచ్చే వారం" అని ఎయిర్‌పోర్టుదాకా చెప్పారు. నా దగ్గరున్నది ఒక పేజీ ఉత్తరం, దాని మీద ఒక సంతకం, స్టాంపు కూడా సగమే పడింది. ఎక్కడ అడగాలో ఎవరికీ తెలీదు. టికెట్ డబ్బు నేనే పెట్టుకుని వచ్చాను. అప్పటికింకా ఇలాంటి తగాదాలు తేల్చే ఫీబా ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ పుట్టలేదు, 2007లో వచ్చింది, ఇప్పుడు దాన్ని బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అంటారు. జెనీవా కేంద్రంగా నడుస్తుంది. ఆటగాడు, క్లబ్బు, ఏజెంటు, ఎవరు ఎవరికి బాకీ పడ్డా అక్కడ కేసు వేయొచ్చు, ఆ దేశపు కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. కానీ ఒక షరతు: తగాదా వస్తే ఆ ట్రిబ్యునల్‌కే పోతామన్న ఒప్పుకోలు ఉండాలి, మామూలుగా అది కాంట్రాక్టులోనే ఉంటుంది. ఆ రెండు వాక్యాలు ఉన్నాయో లేదో చూడకుండా సంతకం పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా దగ్గరికొచ్చే పిల్లలకి డ్రిబ్లింగ్ కంటే ముందు ఇది చెప్తాను, నవ్వుతారు. నవ్వనీ.

ఇంకో కాగితం లెటర్ ఆఫ్ క్లియరెన్స్. ఒక దేశపు ఫెడరేషన్ కింద ఆడినవాడు ఇంకో దేశంలో ఆడాలంటే ఇక్కడి ఫెడరేషన్ "ఇతనికి మా అభ్యంతరం లేదు" అని ఇవ్వాలి. 18 ఏళ్లు నిండనివాళ్ల బదిలీలకి ఫీబా ప్రత్యేక కారణాలుంటే తప్ప ఒప్పుకోదు. మీ బాబుకి పదిహేడు అన్నారు. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "యూరప్ క్లబ్బులో పెట్టిస్తాం, లక్షన్నర కట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. అలాంటివాళ్లు మన ఊళ్లోనూ తయారయ్యారు.

మనవాళ్లు ఎంతదాకా వెళ్లారని అడుగుతారేమో. పంజాబ్ పల్లెటూరి కుర్రాడు సత్‌నామ్ సింగ్‌ని 2015లో డల్లాస్ 52వ పేరుగా పిలిచింది. భారతదేశం నుంచి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు, డల్లాస్ వాళ్ల చిన్న జట్టు టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు, తర్వాత కెనడా లీగ్‌కి వెళ్లాడు. 2019లో డోప్ పరీక్షలో దొరికి రెండేళ్లు నిషేధం పడింది. ఆ తర్వాత అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఏడడుగుల మనిషి. ఆ ఎత్తుతోనే అంత కష్టమైందంటే ఆలోచించండి. మీ బాబు జిమ్ ట్రైనర్ ఇచ్చిన డబ్బాలోంచి ఏదైనా పొడి కలుపుకుని తాగుతుంటే ఇవాళే ఆ డబ్బా తెచ్చి చూడండి. లోపల ఏముందో లేబుల్ మీద మొత్తం ఉండదు, శిక్ష మాత్రం ఆటగాడికే.

అమ్‌జ్యోత్ సింగ్ జపాన్‌లో ఆడి, 2017లో ఓక్లహోమా సిటీ వాళ్ల చిన్న జట్టు ఓక్లహోమా సిటీ బ్లూ దాకా వెళ్లాడు. అదే ఏడాది విశేష్ భృగువంశీకి ఆస్ట్రేలియాలో అడిలైడ్ జట్టు కాంట్రాక్టు ఇచ్చింది. అంటే దారి లేకపోలేదు, కాలిబాట.

నన్నడిగితే బాబుకి స్మిత్ కంటే జెరెమీ లిన్ దారి చూపిస్తాను. తైవాన్ మూలాలున్న అమెరికన్. హార్వర్డ్‌లో చదివాడు, డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు, రెండు జట్లు వదిలేశాయి, 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో రెండు వారాలపాటు ప్రపంచమంతా ఇతని పేరే. లేకర్స్ మీద 38 పాయింట్లు కొట్టాడు. తర్వాత హ్యూస్టన్, లాస్ ఏంజలిస్, షార్లెట్, బ్రూక్లిన్, అట్లాంటా, చివరికి టొరంటోతో 2019లో ఉంగరం. ఆ ఎండాకాలం ఒక్క ఎన్‌బీఏ జట్టూ పిలవలేదు, తైవాన్‌లో వేదిక మీదే ఏడ్చాడు. అక్కణ్ణుంచి బీజింగ్, గ్వాంగ్‌జౌ, కావోష్యుంగ్, న్యూ తైపే. 2024లోనూ 2025లోనూ న్యూ తైపే చాంపియన్, ఆ తర్వాతే రిటైరయ్యాడు. డిగ్రీ చేతిలో ఉండి తిరిగినవాడు కాబట్టి మీకూ నచ్చుతాడు.

హైదరాబాద్ విషయానికొద్దాం. 2015లో మన దేశంలో మొదలైన యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ స్కై అని మన జట్టుండేది. 2017 తర్వాత ఆ లీగే లేదు. ఇప్పుడు ఐఎన్‌బీఎల్ అనే ఇంకో లీగ్ వచ్చింది, హైదరాబాద్ ఫాల్కన్స్ పేరు విన్నాం. సంతోషమే, కానీ లీగులు వస్తూ పోతూ ఉంటాయి. మన దగ్గర బాస్కెట్‌బాల్‌తో ఇల్లు గడిచినవాళ్లలో ఎక్కువమంది రైల్వే, ఇన్‌కమ్ ట్యాక్స్, కస్టమ్స్, ఆర్మీ, బ్యాంకుల స్పోర్ట్స్ కోటాతోనే. దాంట్లో సిగ్గుపడేదేం లేదు, నేనూ అదే బాపతు. దానికి కావాల్సింది నేషనల్స్‌లో రాష్ట్రం తరఫున ఆడిన సర్టిఫికెట్, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ, పైన ఒక డిగ్రీ. అందుకే కోచింగ్ మాన్పించొద్దన్నది. ఇంజనీరింగే కానక్కర్లేదు, మంచి జట్టున్న కాలేజీలో బీకాం అయినా నాకు అభ్యంతరం లేదు, మీకుంటుందేమో.

ఆటపరంగా ఒక్కటి గట్టిగా చెప్తాను. ఆరడుగుల మూడంగుళాల పిల్లాడు కనిపించగానే మన కోచ్‌లు రింగు కింద నిలబెట్టేస్తారు. స్కూల్ టోర్నమెంట్లలో వాడే అందరికంటే పొడుగు, రీబౌండ్లు దొరుకుతాయి, కప్పు వస్తుంది. కానీ బయట దేశంలో ఆరు మూడు అంటే గార్డు ఎత్తు. అక్కడికెళ్లాక "గార్డుగా ఆడు" అంటే బంతి తీసుకెళ్లడం రాదు, దూరం నుంచి షాట్ రాదు, ఎడమ చెయ్యి కట్టేసినట్టుంటుంది. నాతో ఆడినవాళ్లలో ఇద్దరు ఇలాగే ఆగిపోయారు. బాబు ఇప్పుడు ఏ పొజిషన్ ఆడుతున్నాడో అడగండి. సెంటర్ అంటే కోచ్‌తో మాట్లాడండి, గొడవపడకుండా.

మోకాళ్లు కూడా చూసుకోండి. సిమెంట్ కోర్టు మీద రోజూ మూడు గంటలు దూకితే ఇరవై ఏళ్లకే మెట్లు దిగుతూ గోడ పట్టుకోవాల్సొస్తుంది. వారానికి రెండు రోజులైనా చెక్క కోర్టు దొరికితే మంచిది. యూసుఫ్‌గూడలో గానీ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో గానీ ఇండోర్ టైమింగ్స్ కనుక్కోండి. షూస్ అరిగాక వాడనివ్వకండి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు.

బాబు నిజంగా ఆ జీవితానికి పనికొస్తాడో లేదో చూడాలంటే ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేదు. వచ్చే సెలవుల్లో తెలిసినవాళ్లు ఒక్కరూ లేని గ్రౌండ్‌కి పంపండి. ఎల్బీనగర్ వైపు ఉంటే ఆల్వాల్‌కో, ఇటుంటే అటో. పదిహేను రోజులు. మొదటి మూడు రోజులు ఎవరూ ఆడించరు, బయట కూర్చోబెడతారు, బంతి తెమ్మంటారు. నాలుగో రోజు ఎవడికో కాలు బెణుకుతుంది, "అరేయ్ లంబూ, నువ్ రా" అంటారు. అప్పటికి వాళ్లందరి పేర్లూ, ఎవడు ఏ చేత్తో వేస్తాడో వీడికి తెలిసి ఉంటే నాకు ఫోన్ చేయమనండి. "నన్ను ఆడించట్లేదు డాడీ" అని మూడో రోజే ఇంటికొస్తే కంగారేం లేదు, మన ఊళ్లోనే బాగా ఆడుకుంటాడు.

ఇంకొకటి, చిన్నదే గానీ ఇప్పుడే చేయాల్సింది. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో, ఫెడరేషన్ ఐడీలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఒక చోట పొడి అక్షరంతో, ఇంకో చోట విడదీసి రాయిస్తాం. నా మొదటి క్లబ్బు వాళ్లు పాస్‌పోర్టు చూసి ఏది ఏదో తేల్చుకోలేక, వీపు మీద మా నాన్న పేరు అచ్చేశారు. సీజనంతా ఆ పేరుతోనే అరిచేవాళ్లు. ఇంటికి ఫొటో పంపితే ఆయన దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు, "చూశావా, నేను గల్ఫ్‌లో బాస్కెట్‌బాల్ ఆడా" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది.